పరీక్షల ముందు ఆయన ఇంటికొస్తానంటున్నారు, రమ్మనాలా వద్దా?

పటమట అమ్మ:

అందరికీ నమస్కారం. ఇంట్లోవాళ్ళతో ఎంత మాట్లాడినా తేలడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది విజయవాడ, పటమట. బాబు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, పాప టెన్త్. ఇద్దరికీ ఒకేసారి పబ్లిక్ పరీక్షలు. నేను వన్‌టౌన్‌లో వస్త్రలతలో ఒక హోల్‌సేల్ చీరల కొట్టులో లెక్కలు రాస్తాను. పెళ్ళిళ్ళ సీజన్ వచ్చిందంటే పొద్దున వెళ్తే మళ్ళీ రాత్రి తొమ్మిదికి గానీ బయటపడను, సెలవు అడగడానికి కూడా వీలుండదు.

మావారు మూడేళ్ళుగా మాతో లేరు. విడాకులు తీసుకోలేదు, తగువు పడి వెళ్ళిందీ లేదు. చేస్తున్న వ్యాపారం దెబ్బతింది, చేబదుళ్ళు, వడ్డీలు పెరిగిపోయాయి, హైదరాబాద్‌లో ఏదో ఒక పని చూసుకుని డబ్బు పంపిస్తానని వెళ్ళారు. మొదట్లో కొన్ని నెలలు పంపారు, తర్వాత అదీ లేదు. ఫోన్ కూడా పండక్కీ పబ్బానికీ మాత్రమే. అప్పులవాళ్ళు మాత్రం మా ఇంటికే వచ్చేవాళ్ళు. నేను కొట్టులో ఉండేదాన్ని కాబట్టి తలుపు తీసింది మావాడు. అప్పుడు వాడు తొమ్మిదో తరగతి. గేటు దగ్గర నిలబడి మీ నాన్న ఎక్కడ అని పెద్దపెద్దవాళ్ళు అరుస్తుంటే అమ్మ వచ్చాక చెప్తానండి అని మర్యాదగా పంపేవాడట, ఆ సంగతి కూడా నాకు పక్కింటావిడ చెప్తేనే తెలిసింది. చిన్నాచితకా అప్పులు మెల్లగా నేనే తీర్చాను. ఎవరికి ఎంత ఇచ్చాం, ఇంకా ఎంత ఉంది అన్నది వాడు ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసి పెడతాడు, ఇప్పటికీ నెలాఖరుకి ఆ పుస్తకం తీస్తాడు.

ఇప్పుడు మావారికి అక్కడ ఒక ఉద్యోగం కుదిరిందట, కాస్త నిలదొక్కుకున్నారట. సంక్రాంతి తర్వాత ఫోన్ చేసి, పిల్లలిద్దరికీ జీవితంలో ముఖ్యమైన పరీక్షలు, ఈ టైములో తండ్రి పక్కన ఉండాలి, సెలవు పెట్టి వచ్చి పరీక్షలు అయ్యేదాకా ఇంట్లోనే ఉంటాను, రోజూ నేనే సెంటర్ దగ్గర దింపుతాను అన్నారు. తెనాలిలో మా అత్తగారు కూడా రోజు విడిచి రోజు ఫోన్. వాడే వస్తానంటుంటే వద్దనడానికి నీకు నోరెలా వస్తుందమ్మా అని.

పాపకి ఈ మాట తెలిసిన దగ్గర్నుంచి కాలు నిలవడం లేదు. దానికి నాన్నంటే ప్రాణం. ప్రీఫైనల్ మార్కులు వచ్చినప్పుడు ప్రోగ్రెస్ కార్డు ఫొటో తీసి ఆయనకి వాట్సాప్‌లో పంపింది, నీలం టిక్కులు పడ్డాయి, సమాధానం మర్నాడు సాయంత్రం వచ్చింది, ఒక బొటనవేలు బొమ్మ. అదే స్నేహితురాళ్ళందరికీ చూపించుకుంది. మొన్న నేను ఇంటికొచ్చేసరికి ముందు గదిలో మంచం మీద ఉండే తన పుస్తకాలన్నీ తీసేసి, కింద ఒక మూల సర్దుకుని, మంచానికి ఉతికిన దుప్పటి వేసి పెట్టింది. నాన్నకి అని.

మావాడు అది చూసి ఒక్కటే అన్నాడు. ఆయన వస్తే నేను ఫ్రెండ్ రూముకి వెళ్ళిపోతాను, పరీక్షలు అక్కణ్ణుంచే రాసుకుంటాను, నన్నెవరూ ఆపొద్దు. అరవలేదు, ఏడవలేదు, అన్నం తింటూ చెప్పాడు. వాడు మామూలుగానే టెన్షన్ మనిషి. జనవరిలో జేఈఈ మెయిన్ రాసినరోజు పొద్దున తిన్న ఇడ్లీ మొత్తం వాంతి చేసుకుని వెళ్ళాడు. థియరీ పరీక్షలు ఇక దగ్గర పడ్డాయి.

నాకు ఆయన మీద కోపం ఉంది, లేదని చెప్పను. కానీ నా కోపం వల్ల పిల్లలకి అన్యాయం జరగకూడదు. ఆయన్ని రమ్మంటే వాడు ఏమవుతాడో, వద్దంటే పాప ఏమవుతుందో. ఇద్దరికీ పరీక్షలే. ఇలాంటిది చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.


కెమిస్ట్రీ మాస్టారు, గుంటూరు:

అమ్మా, నేను చాలా ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్తున్నాను, పరీక్షలకి ఇన్విజిలేషన్ కూడా చేస్తాను. సూటిగా చెప్తాను, పరీక్షల్లోపు ఆయన ఇంట్లో దిగడానికి ఒప్పుకోకండి. ఆయన మంచివారా చెడ్డవారా అన్నది నేను తేల్చలేను, అది నా పనీ కాదు. పరీక్షల నెలలో ఇంట్లో ఏదీ మారకూడదు, అంతే. లేచే టైము, తినే తిండి, కూర్చునే చోటు, ఇంట్లో వినపడే గొంతులు, ఏవైనా సరే. మూడేళ్ళ తర్వాత ఒక మనిషి ఇంట్లోకి రావడమంటే చిన్న మార్పు కాదు. ఆయన నోరు మెదపకుండా కూర్చున్నా సరే, మీవాడి చెవి పుస్తకం మీద ఉండదు, ముందు గది మీద ఉంటుంది.

ఇంటర్ పేపరు పొద్దున 9 నుంచి 12 దాకా. హాల్లోకి వచ్చేసరికి పిల్లల మొహాలు చూస్తే రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగిందో మాకు సగం తెలిసిపోతుంది. చదవక తప్పేవాళ్ళు ఒక రకం. చదివి కూడా, పేపరు ఇచ్చాక పావుగంట సేపు పెన్ను పట్టుకుని గోడ చూస్తూ కూర్చునేవాళ్ళు ఇంకో రకం. ఆ పావుగంట పోతే కెమిస్ట్రీలో రెండు లాంగ్ ఆన్సర్లు పోయినట్టే.

వాంతి సంగతి తేలిగ్గా తీసుకోకండి. పరీక్షరోజు పొద్దున ఇడ్లీ, దోశ అని బలవంతం చేయొద్దు. రాత్రి కాస్త పెరుగన్నం తిననిచ్చి, పొద్దున ఒక అరటిపండో, రాగిజావో, ఏది కడుపులో నిలుస్తుందో అదే పెట్టండి. పరీక్షలకి ముందే నాలుగురోజులు ఆ టైముకి అదే అలవాటు చేయండి. రాత్రి పదకొండు దాటాక పుస్తకం మూసేయాలి. రాసొచ్చిన పేపరు గురించి ఇంట్లో ఎవరూ అడగొద్దు, ఆన్సర్లు పోల్చుకోవడాలు, ఎన్ని మార్కులొస్తాయి అన్న లెక్కలు అసలొద్దు. నిద్ర పట్టకపోయినా, ఒంటరిగా కూర్చుని బాధపడుతున్నట్టు అనిపించినా 14416కి చేయండి, అది టెలి మానస్, ప్రభుత్వానిదే, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. వాడే చేసుకోవచ్చు, మీరైనా చేయొచ్చు.

ఫ్రెండ్ రూముకి మాత్రం పంపకండి. నలుగురు కుర్రాళ్ళుండే రూములో చదువు ఎంత సాగుతుందో నాకు తెలుసు.

ఒక మాట వాడికి చెప్పండి, నేను చెప్పానని చెప్పండి. జేఈఈ మెయిన్ ఏప్రిల్‌లో రెండో సెషన్ ఉంది, రెండింట్లో ఏది ఎక్కువొస్తే అదే లెక్కలోకి తీసుకుంటారు. జనవరిలో వాంతి చేసుకుని రాసిన పేపరుతో కథ అయిపోలేదు. మన రాష్ట్రం ఇంజినీరింగ్ ఎంట్రన్స్, ఈఏపీసెట్ కూడా ఉంది. ఇంటర్‌లో ఒక పేపరు అటూఇటూ అయినా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది, ఏడాది పోదు. మా దగ్గర పిల్లలకి ఈ మాటలు తెలిసే ఉంటాయి, కానీ ఇంట్లోవాళ్ళ నోటి నుంచి వింటే వేరు.

ఇంకొకటి, నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఆ నోట్‌బుక్. అప్పుల పద్దు వాడి దగ్గర్నుంచి తీసేసుకోండి. ఈరోజే. 17 ఏళ్ళ పిల్లాడు ఫిజిక్స్ రికార్డు రాయాలి, వడ్డీ లెక్కలు రాయకూడదు.


కువైట్ నాన్న:

చెల్లెమ్మా, మాది గుంటూరు దగ్గర పల్లెటూరు, పదేళ్ళకి పైగా కువైట్‌లో ఉంటున్నాను, డ్రైవింగ్. మాస్టారు గారు చెప్పింది చదివాను, ఆయన మీద గౌరవంతోనే కొంచెం వేరుగా చెప్తాను. నేను మీవారి తరఫున మాట్లాడ్డం లేదు. ఇంటికి డబ్బు పంపకుండా, ఫోన్ చేయకుండా మూడేళ్ళు ఉండటాన్ని నేను సమర్థించలేను, ఇక్కడ ఎండలో పనిచేసి అన్నం మానుకుని ఇంటికి పంపేవాళ్ళని రోజూ చూస్తున్నాను కాబట్టి అసలు సమర్థించలేను. నేను పాప గురించి మాట్లాడుతున్నాను.

అందరూ బాబు గురించే ఆలోచిస్తారు, వాడు కోపం చూపించాడు కాబట్టి. దుప్పటి మార్చిన పిల్ల సంగతేంటి? నాన్న రావట్లేదు అని ఒక్క మాటలో చెప్పేస్తే దానికి కూడా పరీక్షే కదా. అన్న వద్దన్నాడు కాబట్టి నాన్న రాలేదు అని అది అనుకుంటే ఇద్దరి మధ్యా జీవితాంతం ఉండిపోతుంది. నా పిల్లలు ఇద్దరూ నేను ఇక్కడ ఉండగానే టెన్త్ రాశారు, నాకు లీవు దొరకలేదు. పెద్దది ఇప్పటికీ నవ్వుతూనే అంటుంది, మా నాన్న నా పెళ్ళికైనా వస్తాడా అని.

కాబట్టి ఇంట్లో దిగొద్దని చెప్పండి, కానీ పాపని కలవడానికి దారి మూయకండి. తెనాలిలో అత్తగారు ఉన్నారు కదా, ఆయన్ని అక్కడ దిగమనండి. మీ ఊరికి రైలెక్కితే గంటలోపే. పరీక్షలు మొదలవకముందు ఒక ఆదివారం పాప వెళ్ళి నాన్నని చూసి సాయంత్రానికి వచ్చేస్తుంది. బాబుకి రమ్మన్న మాట కూడా వద్దు.

ఆయనకి కూడా ఒక మాట చెప్పండి, లేదా ఇది చూపించండి. దూరంగా ఉండే తండ్రి చేయగలిగిన పనులు ఉన్నాయి. మాకు ఇక్కడికీ అక్కడికీ రెండున్నర గంటల తేడా. టెన్త్ పేపరు 12.45కి అయిపోతుంది, అంటే నాకు 10.15. సరిగ్గా ఒంటిగంటన్నరకి, అన్నం తినేసి ఉంటారు అన్నప్పుడు ఫోన్ చేసేవాణ్ణి. ఎలా రాశావు అని అడగను. తిన్నావా, సెంటర్లో ఫ్యాన్ తిరుగుతోందా, పక్కన ఎవరు పడ్డారు, ఇవే. మార్కుల మాట ఎత్తకుండా రోజూ చేయగలడా ఆయన? ఒక్కరోజు కూడా తప్పకుండా? ముందు అది చేసి చూపించమనండి. సెలవు పెట్టి వచ్చి సెంటర్ గేటు దగ్గర నిలబడటం కంటే అది కష్టం.

ఫీజు కూడా. పరీక్షల ముందు పిల్లల కాలేజీ బాకీ తండ్రి కట్టాలి. అది వస్తే వచ్చినట్టే.


సింగ్ నగర్ కుర్రాడు:

ఆంటీ, నేను ఇప్పుడు బీటెక్ ఫస్టియర్. మీ పోస్టు చదువుతుంటే మీ అబ్బాయి నేనే అనిపించింది, అందుకే రాస్తున్నాను.

మా నాన్న నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు వెళ్ళిపోయాడు. వివరాలు వద్దులెండి. నా ఇంటర్ సెకండియర్లో, 2024 సెప్టెంబర్ ఒకటిన బుడమేరు నీళ్ళు మా వీధిలోకి వచ్చాయి, మాది కింది పోర్షన్. అమ్మా నేనూ పైవాళ్ళ ఇంట్లో ఉన్నాం. నీళ్ళు తీశాక కిందికి వెళ్తే నా ఫస్టియర్ నోట్సు, మెటీరియల్ అంతా బురద ముద్ద. మాథ్స్ నోట్సు ఒక్కటి కాపాడదామని డాబా మీద పేజీ పేజీ విడదీసి, గాలికి ఎగరకుండా వాటి మీద ఇటుక ముక్కలు పెట్టి ఆరబెట్టాను. ఇంకు సగం కొట్టుకుపోయింది. ఆ టైములో ఊరంతా అందరికీ ఎవరో ఒకరు ఫోన్ చేసి బాగున్నారా అని అడిగారు. మా నాన్న చేయలేదు. తర్వాత ఫిబ్రవరిలో, హాల్ టికెట్లు వచ్చే టైముకి చేశాడు. బాగా చదువు, నా పరువు నిలబెట్టు అన్నాడు.

మీ అబ్బాయి చదువు కోసం ఆయన్ని వద్దంటున్నాడని మీరందరూ అనుకుంటున్నారు. నాకు అలా అనిపించట్లేదు. గేటు దగ్గర నిలబడింది వాడు. ఇప్పుడు అంతా సర్దుకున్నాక, వాడు కాలేజీలో మంచి మార్కులు తెచ్చుకుంటున్నాక ఆయన వచ్చి బండి మీద సెంటర్ దగ్గర దింపితే, చూసేవాళ్ళందరికీ తండ్రి దగ్గరుండి చదివించాడు అనిపిస్తుంది. రేపు ర్యాంకు వస్తే అది ఆయనది కూడా అవుతుంది. వాడు ఓర్చుకోలేనిది అది. నేనైతే ఓర్చుకోలేకపోయేవాణ్ణి.

అందుకని వాడికి కావాల్సింది ఒకటే ఆంటీ. ఆ రోజుల్లో నువ్వేం మోశావో నాకు తెలుసు అని మీరు నోరు తెరిచి చెప్పడం. పక్కింటావిడ చెప్పిన సంగతి మీకు తెలుసని వాడికి తెలుసా? చెప్పండి. వాడు ఏమీ మాట్లాడడు, లేచి వెళ్ళిపోతాడు కూడా, పర్లేదు, వింటాడు. ఇంటికి మగదిక్కువి నువ్వే, చెల్లి కోసం నువ్వే సర్దుకోవాలి, ఇలాంటి మాటలు మాత్రం మీరూ అనకండి, వాళ్ళ నాయనమ్మనీ అననివ్వకండి. నాకు మా బంధువులు ప్రతి పెళ్ళిలోనూ ఇదే చెప్పేవాళ్ళు.

కువైట్ అంకుల్, మీరు చెప్పిన తెనాలి సంగతి నాకు నచ్చింది. చెల్లి వెళ్తే వెళ్ళనివ్వండి ఆంటీ, కానీ వచ్చాక అన్నకి అక్కడి కబుర్లు చెప్పమని ఎవరూ పంపొద్దు, నాన్న నీ గురించి అడిగాడురా లాంటివి. వాడు అడిగితే చెప్తుంది.

హాల్ టికెట్ కోసం టెన్షన్ పడకండి, ప్రభుత్వం వాళ్ళ మన మిత్ర వాట్సాప్ నంబర్ 9552300009లో వస్తుంది, నేను పోయినసారి అలాగే దించుకున్నాను.


బ్రాడీపేట లాయరమ్మ:

అక్కా, మనసుల సంగతి పైవాళ్ళు బాగా చెప్పారు. నేను కాగితాల సంగతి చెప్తాను, ఎందుకంటే మూడేళ్ళ తర్వాత మనిషి తిరిగొచ్చే టైములోనే చాలామంది ఆడవాళ్ళు ఏదో ఒకదాని మీద సంతకం పెట్టేస్తారు. ఆయన మంచి మనసుతోనే వస్తుండొచ్చు. అయినా సరే.

ముందుగా అప్పులు. భర్త చేసిన అప్పుకి భార్య దానంతట అదే బాధ్యురాలు అయిపోదు. మీరు నోటు మీద గానీ హామీగా గానీ సంతకం చేసి ఉంటేనే మీ మీదకి వస్తుంది. మీవాడి నోట్‌బుక్‌లో ఇంకా మిగిలినవి ఉన్నాయన్నారు, వాటిలో మీ సంతకం దేని మీద ఉందో చూసుకోండి, లేనివాటి కోసం మీ జీతం ధారపోయనవసరం లేదు. పిల్లాణ్ణి గేటు దగ్గర నిలబెట్టి అరిచే హక్కు ఎవరికీ లేదు, మళ్ళీ ఎవరైనా వస్తే పోలీసుల దగ్గరికి వెళ్ళండి. ఆయన ఇంట్లో ఉండగా కొత్త నోటు, పాత అప్పుకి తిరగరాసిన నోటు, బంగారం మీద లోను, ఇలాంటివి వస్తే పిల్లల పరీక్షలయ్యాక చూద్దాం అనండి. మీకు అడ్డం చెప్పడానికి పరీక్షలు బాగా పనికొస్తాయి.

పోషణ ఖర్చు. ఇదివరకు 125 సెక్షన్ అనేవాళ్ళం, 2024 జులై నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది. విడాకులు లేకపోయినా, ఆయన స్తోమత ఉండి చూడకపోతే మీకూ పిల్లలకీ అడగొచ్చు. ఆయనకి ఉద్యోగం కుదిరిందని ఆయనే చెప్పారు కదా, అది ముఖ్యం. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ సెక్షన్ కింద మామూలుగా కొడుక్కి 18 నిండేదాకానే వస్తుంది, మీవాడు ఆ వయసు దగ్గరలోనే ఉన్నాడు. ఆడపిల్లకి పెళ్ళయ్యేదాకా తండ్రి దగ్గర్నుంచి అడగడానికి 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టంలో వీలుంది. కేసు వేయండి అని నేను తొందరపెట్టట్లేదు, ఆయన మాట ప్రకారం నెలనెలా పంపితే దాని అవసరమే రాదు. కానీ పంపేది చేతికి వద్దు, బ్యాంకు ఖాతాకే పంపమనండి, లెక్క ఉంటుంది.

లాయర్ ఫీజు ఎక్కడ తేను అనుకోకండి. ఆడవాళ్ళకి జీతం ఎంతైనా సరే న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, 1987 చట్టంలోనే ఉంది. 15100కి ఫోన్ చేస్తే మీకు దగ్గర్లో ఎక్కడికి వెళ్ళాలో చెప్తారు.

ఇంకో చిన్న విషయం, చాలామందికి తెలియదు. తండ్రి పట్టించుకోనప్పుడు తల్లి సంరక్షకురాలిగా సంతకం పెట్టొచ్చని 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి రేపు కౌన్సెలింగుకో, పాప ఇంటర్ అడ్మిషన్‌కో ఎవరైనా తండ్రిని తీసుకురండి అంటే తగ్గకండి. పాప టెన్త్ మెమో వచ్చాక దాని మీద పేర్లు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూసుకోండి, తర్వాత అన్నిటికీ అదే ఆధారం, తప్పుంటే సరిచేయించడం పెద్ద పని.


పటమట అమ్మ:

అందరికీ దండాలండి. ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. ఏం జరిగిందో చెప్పడం న్యాయం కాబట్టి చెప్తున్నాను.

ముందు మావాడితో మాట్లాడాను. సింగ్ నగర్ బాబూ, నువ్వు చెప్పినట్టే అప్పులవాళ్ళు వచ్చిన రోజుల సంగతి ఎత్తాను, పక్కింటావిడ చెప్పింది, నాకన్నీ తెలుసు అన్నాను. లేచి వెళ్ళిపోతాడన్నావు కదా, వెళ్ళలేదు. ఒకాయన గేటు మీద కాలుపెట్టి మాట్లాడాడమ్మా, దాన్ని మర్చిపోలేకపోతున్నాను అన్నాడు. చాలాసేపు మాట్లాడాడు, నాకు తెలియనివి ఇంకా ఉన్నాయి. నోట్‌బుక్ ఇచ్చేయమంటే, నీకు లెక్క తప్పుతుందమ్మా అన్నాడు. రోజూ లెక్కలు రాసే ఉద్యోగంరా నాది అంటే ఇచ్చేశాడు. లాయరమ్మగారూ, అందులో ఇంకా మిగిలినవాటిలో నా సంతకం ఉన్నది ఒక్కటే. మిగతావాటి గురించి పరీక్షలయ్యాక 15100కి చేస్తాను.

ఆయనకి నేనే ఫోన్ చేశాను. ఇంట్లో దిగడానికి వీల్లేదు, పరీక్షలయ్యాక కూడా అది బాబు ఒప్పుకుంటేనే అని చెప్పాను. మొదట బాగా కోపం వచ్చింది, నా ఇంటికి నేను రావడానికి వాడి పర్మిషనా అన్నారు. నేను తగ్గలేదు. కాలేజీ ఫీజు బాకీ ఎంతో చెప్పి, ముందు అది నా ఖాతాకి వేయండి, పాపకి రోజూ ఒంటిగంటన్నరకి ఫోన్ చేయండి, మార్కులు అడక్కండి అన్నాను. కువైట్ అన్నగారు రాసింది కూడా పంపాను. రెండురోజులు సమాధానం లేదు. తర్వాత ఫీజులో సగం వచ్చింది. మిగతా సగం ఒకటో తారీఖున అన్నారు, చూడాలి.

పాప ఆదివారం తెనాలి వెళ్ళొచ్చింది. ఇంటికి రారు, పరీక్షలకి ఉండరు అంటే ముందు బాగా ఏడ్చింది, అన్న వల్లే కదా అని కూడా అంది. నేను నిర్ణయం నాది, అన్నది కాదు అని చెప్పాను, కోపం వస్తే నా మీద చూపించు అన్నాను. చూపించింది కూడా, ఒక పూట నాతో మాట్లాడలేదు. తెనాలి నుంచి వచ్చాక కొంచెం తేలికపడింది. పుస్తకాలు మళ్ళీ మంచం మీదికి వచ్చాయి. అత్తగారికి మాత్రం నా మీద కోపం తగ్గలేదు, అది తగ్గేలా లేదు, దాని గురించి ఇప్పుడు ఆలోచించను.

మాస్టారు గారూ, ఒకటే అడగాలి. వాడు ఇప్పుడు ఐపీఈ, అదే ఇంటర్ పబ్లిక్ పరీక్షల మీద కూర్చోవాలా, ఏప్రిల్ జేఈఈ మెయిన్ మీదా? కాలేజీలో రెండూ ఒకేసారి రుద్దుతున్నారు, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి.


కెమిస్ట్రీ మాస్టారు, గుంటూరు:

ఐపీఈ అయ్యేదాకా ఐపీఈ మాత్రమే అమ్మా. థియరీ అయ్యాక ఏప్రిల్ సెషన్‌కి కొంచెం టైము దొరుకుతుంది, అప్పుడు పాత మెయిన్ పేపర్లు టైము పెట్టుకుని రాయమనండి, కొత్త చాప్టర్లు ఏవీ మొదలుపెట్టొద్దు. ఐపీఈకి చదివిన ఫిజిక్స్, కెమిస్ట్రీ ఈఏపీసెట్‌కి కూడా పనికొస్తుంది, వృథా పోదు. కాలేజీలో సాయంత్రం మెయిన్ టెస్టుల నుంచి మినహాయించమని ప్రిన్సిపాల్‌ని మీరే వెళ్ళి అడగండి, ఫోన్‌లో అయితే ఒప్పుకోరు, ఎదురుగా కూర్చుంటే ఒప్పుకుంటారు. రికార్డుల్లో తండ్రి నంబర్ ఉంటే తీసేయించి మీ నంబర్ పెట్టించండి, అబ్సెంట్ మెసేజీలు, మార్కుల మెసేజీలు మీకే రావాలి.